ఆదివారం పాత పాటల గంటకు ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ టర్న్‌టేబుల్: ఏడాదిన్నర వాడకం తర్వాత

కర్నూలులోని ఒక చిన్న సామాజిక రేడియో కేంద్రంలో ప్రతి ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు నేను పాత పాటల కార్యక్రమం నడుపుతున్నాను. గంటసేపు సాగే ఆ కార్యక్రమంలో వినిపించే ప్రతి పాటా, ప్రతి పద్యమూ గ్రామఫోను ప్లేటు మీద ముల్లు నడిచి రావలసిందే తప్ప, కంప్యూటరులో దాచిన ఫైలు ఒక్కటైనా వేయకూడదని మొదటి వారమే నియమం పెట్టుకున్నాను. ఆ నియమం నిలబడాలంటే నమ్మదగిన టర్న్‌టేబుల్, అంటే ప్లేటును తిప్పి పాట వినిపించే యంత్రం, ఉండాలి. ఏడాదిన్నర క్రితం నా సొంత డబ్బుతో ఆడియో-టెక్నికా వారి ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ కొన్నాను. ముప్పై వేలు దాటింది. కంపెనీతో గాని, అమ్మినవారితో గాని నాకు ఏ సంబంధమూ లేదు. ఇలాంటి యంత్రాల గురించి నేను చదివిన సమీక్షలన్నీ ఇంట్లో తీరికగా ఎల్‌పీలు, అంటే నిమిషానికి 33 చుట్లు తిరిగే పెద్ద ప్లేట్లు, వినేవారి కోసం రాసినవే. నాలుగు పాటల చిన్న ప్లేట్లనూ, లక్కతో చేసిన పాత ప్లేట్లనూ మైకు ముందు కూర్చుని అప్పటికప్పుడు ప్రసారం చేసేవారికి ఇది ఎంతవరకు పనికొస్తుందో చెప్పే సమీక్ష తెలుగులో నాకు కనబడలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఎవరింట్లోనైనా పాత ట్రంకుపెట్టె తెరిస్తే అందులో ఒకే రకం ప్లేట్లు ఉండవు. అడుగున నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క ప్లేట్లు ఉంటాయి; వాటికి వైపుకొక పాట, ఆ పాట నిడివి మూడు నిమిషాల పైన కొద్దిగా. వాటి మీద 45 చుట్ల ఏడంగుళాల ప్లేట్లు, పెట్టె పక్కన నిలువుగా చేర్చిన నాలుగైదు ఎల్‌పీలు. అమెరికాలో ఎల్‌పీ 1948లోనూ, 45 చుట్ల చిన్న ప్లేటు 1949లోనూ వచ్చాయి. అక్కడి చిన్న ప్లేటుకు వైపుకొక పాటే ఉండేది, నడుమ ఒకటిన్నర అంగుళాల పెద్ద రంధ్రం ఉండేది. మన దేశంలో సినిమా పాటలకు బాగా వాడుకలోకి వచ్చింది అదే కొలతలో ఉండే ఈపీ. దానికి వైపుకు రెండేసి చొప్పున నాలుగు పాటలు, నడుమ మామూలు చిన్న రంధ్రం. మన దగ్గర లక్క ప్లేట్లు కూడా 1960ల దాకా అచ్చవుతూనే వచ్చాయి గనుక, ఒకే గాయకుని గొంతు ఒకే పెట్టెలో మూడు వేగాల్లోనూ దొరుకుతుంది. ఇప్పుడు అంగళ్ళలో కొత్తగా దొరికే టర్న్‌టేబుళ్ళలో చాలావాటికి 33, 45 వేగాలే ఉంటాయి. ఈ యంత్రానికి 78 కూడా ఉంది. నేను దీనిని ఎంచుకోవడానికి మొదటి కారణం అదే.

దీనికంటే ముందు నా దగ్గర సూట్‌కేసులా మూసి తెరిచే ఒక చవక ప్లేయరు ఉండేది. దాని పేరు చెప్పను, ఆ తరహావి చాలా పేర్లతో దొరుకుతున్నాయి. ముల్లును మోసే ప్లాస్టిక్ చేయి, ఎంత బరువుతో ముల్లు ఆనుతున్నదో సరిచేసుకునే వీలు లేని అమరిక, పాట నడుమ తగ్గుతూ పెరుగుతూ ఉండే వేగం. ఒక ఆదివారం దాని మీద రంగస్థల పద్యం ఒకటి వేశాను. ప్రసారం ముగిసిన కొద్దిసేపటికి, నాటకాల్లో చాలా ఏళ్ళు హార్మోనియం వాయించిన ఒక పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా, పెట్టె పక్కన పెట్టుకుని విన్నాను. పద్యం అర మెట్టు దిగింది. పాడినాయన అంత కిందికి పాడలేదు, మీ మిషను దింపింది," అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పోయినవారి గొంతును మనం మళ్ళీ గాలిలోకి వదులుతున్నప్పుడు, ఆ గొంతు ఉన్న చోటుననే ఉంచడం మన బాధ్యత. ఆయన ఫోను రాకపోతే నేను బహుశా ఆ ప్లేయరుతోనే ఇంకో ఏడాది గడిపేదాన్ని.

కొత్త యంత్రం బరువు 8 కిలోలు. పెట్టెలోంచి తీయగానే పాట వేయడానికి వీలుండదు. పళ్ళెం అమర్చాలి, దాని మీద ఫెల్టు గుడ్డ పరచాలి, చేయి చివర కార్ట్రిడ్జి (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం) ఉన్న తలను బిగించాలి, వెనక బరువు తిప్పి చేయిని ముందు గాలిలో సమంగా తేలేటట్లు నిలిపి, ఆ తరువాత 2 గ్రాములకు తేవాలి. చేయిని ప్లేటు నడుమకు లాగే బలాన్ని సరిచేసే యాంటీ స్కేటింగ్ మీట పక్కన ఉంటుంది, దాన్ని కూడా అదే అంకెకు పెట్టాలి. మొదటిసారి నాకు గంట పట్టింది. తొందరపడకుండా ఈ పని ఒక్కసారి సరిగ్గా చేసుకుంటే తరువాత రోజూ చూసుకోనక్కరలేదు. బరువు తక్కువైతే ముల్లు గాడిలో కుదురుగా నిలవక పాట చిట్లినట్లు వినిపిస్తుంది, ఎక్కువైతే గాడి అరుగుతుంది. చాలామంది తక్కువ బరువు ప్లేటుకు మంచిదనుకుంటారు గాని, కుదురు లేని ముల్లు చేసే హాని కూడా తక్కువేమీ కాదు.

మా స్టూడియో మొదటి అంతస్తులో, రోడ్డు వైపు గదిలో ఉంది. లారీ వెళ్ళినప్పుడల్లా చెక్క బల్ల సన్నగా అదిరేది, ఆ అదురు ముల్లు ద్వారా పాటలోకి గుబగుబమని దిగేది. దీనికి మందు మన దగ్గరే దొరికింది. వంటింటి గట్టు కోసం కోయగా మిగిలిన కడప బండ ఒకటి, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుది తెచ్చి, కింద నాలుగు మూలలా దళసరి రబ్బరు ముక్కలు పెట్టి, దాని మీద టర్న్‌టేబుల్ నిలిపాను. అదురు వినబడనంతగా తగ్గిపోయింది. బయటి ఊళ్ళలో ఇందుకోసం ప్రత్యేకమైన పీటలు వేలు పోసి కొంటారు. రాయలసీమలో ఉన్నవారికి ఆ ఖర్చు అక్కరలేదు. బండ మీద నీటిమట్టం గొట్టం పెట్టి సమంగా ఉన్నదో లేదో చూసుకోవడం మాత్రం మరచిపోకూడదు. యంత్రం కాళ్ళను తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు.

నా ప్లేట్లలో సగానికి పైగా ఒకే ఇంటినుంచి వచ్చాయి. పాతబస్తీలో ఒకప్పుడు మైకు సెట్టు నడిపిన పెద్దాయన అవి ఇచ్చారు. పెళ్ళిళ్ళకూ, తిరునాళ్ళకూ, ఉరుసులకూ తిరిగిన ప్లేట్లవి. ఈపీల మధ్యనున్న కాగితం మీద బాల్‌పెన్నుతో "తలంబ్రాలు", "అప్పగింతలు", "పొద్దున" అని రాసి ఉంటుంది. ఏ పాట ఏ ఘడియకు వేయాలో ఆయన గుర్తులవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీదికి వచ్చినప్పుడు ఆయన ఇల్లు కూడా మునిగింది. అట్టలన్నీ కుళ్ళి పోయాయి, ప్లేట్లు మాత్రం ఒండ్రు పట్టి మిగిలాయి. "వరదనీళ్ళు తాగిన ప్లేట్లు తల్లీ ఇవి. పాడితే నీ అదృష్టం, పాడకుంటే నామీద కోపం చేసుకోవద్దు," అని చెప్పి గోనెసంచిలో పెట్టి ఇచ్చారు.

వాటిని కడిగిన పద్ధతి ఇక్కడ చెప్పడం అవసరం, ఎందుకంటే ఎంత మంచి యంత్రమైనా మురికి గాడిలోంచి పాటను తీయలేదు. ఒండ్రు ఎండిన ప్లేటు మీద పొడిగుడ్డ వేసి రుద్దితే ఆ మట్టే ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో పాత్రలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపి, మెత్తని కుంచెతో గాడి వెంటే గుండ్రంగా నడపాలి, అడ్డంగా కాదు. నడుమ కాగితం తడవకుండా చేత్తో మూసి పట్టుకోవాలి. తరువాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంచాలు ఆరబెట్టే చట్రంలో నిలువుగా, నీడలో ఆరనివ్వాలి. లక్క ప్లేట్లను స్పిరిటుతో మాత్రం ఎన్నడూ తుడవకూడదు, ఎందుకంటే లక్క స్పిరిటులో కరుగుతుంది. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఈపీ, ఎల్‌పీ ప్లేట్లకు స్పిరిటు కలిపిన ద్రావణాలు అమ్ముతారు. అవి అలవాటైన చెయ్యి పొరపాటున లక్క ప్లేటు మీదికి వెళ్ళిందంటే, ఎనభై ఏళ్ళు నిలిచిన గొంతు ఒక్క తుడుపుతో పోతుంది. నేను రెండింటినీ వేరు వేరు గదుల్లో కడుగుతాను.

ఇక పాట సంగతి. ఈ యంత్రంతో వచ్చే కార్ట్రిడ్జి ఏటీ-వీఎం95ఈ, దాని ముల్లు ఆకుపచ్చ రంగు తొడుగులో ఉంటుంది. ఈపీల మీద దాని పనితనం నాకు ఎంతో తృప్తినిచ్చింది. చవక ప్లేయరు మీద ఒక్క గొంతుగా మాత్రమే వినిపించిన యుగళగీతంలో, ఇప్పుడు సుశీల గారి ఊపిరి, వెనక వేణువు చివరి గాలి, తబలా ఎడమచేతి వత్తు విడివిడిగా తెలుస్తున్నాయి. ప్లేటు లోపలి అంచుకు వచ్చేసరికి, అంటే ప్రతి వైపూ రెండో పాట చివరి చరణంలో, "స" కారాలు కొంచెం గరగరలాడతాయి. తప్పు ముల్లుదొక్కదానిదే కాదు. నడుమకు వచ్చేకొద్దీ గాడి చుట్టు చిన్నదై, అదే పాట తక్కువ చోట్లో ఇరుక్కోవలసి రావడం వల్ల ఈ ఇబ్బంది అన్ని ప్లేట్లకూ ఉంటుంది. ఈ కార్ట్రిడ్జి ఒడలు అలాగే ఉంచి ముల్లు మాత్రం లాగి మరొకటి తొడగవచ్చు గనుక, కావాలనుకున్నవారు ఇంతకంటె సన్నని ముల్లు తరువాత కొనుక్కోవచ్చు.

కొనేముందు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. యంత్రానికి 78 వేగం ఉన్నది గాని, పెట్టెలో వచ్చే ఆకుపచ్చ ముల్లు 78 ప్లేట్లకు కాదు. లక్క ప్లేటు గాడి వెడల్పైనది; ఆధునిక ప్లేట్ల సన్నని ముల్లు ఆ గాడి గోడలను తాకక అడుగున మట్టిలో దొర్లుతుంది, పాటకంటె గరగర ఎక్కువ వినిపిస్తుంది. దానికోసం అదే కార్ట్రిడ్జికి సరిపోయే వీఎంఎన్95ఎస్‌పీ అనే ముల్లు వేరుగా కొనాలి. ముల్లు మార్చినప్పుడల్లా దానితో ఇచ్చిన కాగితంలో ఉన్న అంకెకు బరువు మళ్ళీ సరిచేయాలి. ప్రసారం నడుమ ఈ పని కుదరదు. నేను మరొక తల కొని, దానికి ఇంకొక కార్ట్రిడ్జి బిగించి, 78 ముల్లు అందులోనే ఉంచేశాను. చేయి చివర మర తిప్పి తల మార్చి, బరువు మార్చుకునేసరికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో నేను ప్లేటు గురించి మాట్లాడతాను. ఖర్చు మాత్రం పెరిగింది, ఆ సంగతి ముందే లెక్కలో వేసుకోవాలి.

78 ప్లేట్ల విషయంలో ఈ యంత్రానికి ఉన్న అసలైన బలం కుడివైపున్న వేగం మీట. వేగాన్ని 8 శాతం గాని, బొత్తాం నొక్కితే 16 శాతం దాకా గాని పెంచవచ్చు, తగ్గించవచ్చు. పాత లక్క ప్లేట్లు అన్నీ నిక్కచ్చిగా 78 చుట్ల మీదే తీసినవి కావు, కొన్ని కాస్త నెమ్మదిగా, కొన్ని కాస్త వడిగా తీసినవి. సంగీతంలో ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ తేడా సుమారు 6 శాతం గనుక, మీట కొద్దిగా జరిగినా శృతి మారుతుంది. ఆదివారం మధ్యాహ్నం నేను చేసే పని ఇదే. నాటకాల పెద్దాయన నేర్పిన ప్రకారం, పద్యం మొదట్లో హార్మోనియం ఒంటరిగా మోగే చోట పాటను ఆపి ఆపి వింటూ, నా పక్కనున్న శృతిపెట్టె స్వరంతో అది కలిసేదాకా మీటను వెంట్రుకవాసి చొప్పున జరుపుతాను. రెండు స్వరాలు కలవకముందు వాటి నడుమ అల లేచి పడుతున్నట్లు వినిపిస్తుంది. దగ్గరయ్యేకొద్దీ ఆ అల నెమ్మదించి, చివరికి నిలిచిపోతుంది. అక్కడ మీట ఏ గీత దగ్గర ఉన్నదో ప్లేటు కవరు మీద పెన్సిలుతో రాసిపెట్టుకుంటాను. అర మెట్టు దిగిందన్న ఆ పద్యాన్నే ఇలా సరిచేసి మళ్ళీ వేసిన ఆదివారం, ఆయన మళ్ళీ ఫోను చేసి, "ఇప్పుడు కూర్చుంది," అని ఒక్కమాట చెప్పి పెట్టేశారు.

మా ప్రాంతపు శ్రోతలకు ఈ పద్యాల ప్లేట్లంటే ఎంత ఇష్టమో బయటివారికి చెప్పడం కష్టం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన నాటకాల వరుస ఇప్పటికీ నడుస్తున్నది. రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది తాడిపత్రిలో. కపిలవాయి రామనాథశాస్త్రి వంటివారి పద్యాలను ప్లేట్ల మీద విన్న తరం ఇంకా మా ఊళ్ళలో ఉన్నది. సినిమా పాటల వైపుకు వచ్చినా, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి కూడా తాడిపత్రివారే, మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డి కడప జిల్లావారు. ప్లేటు చేతిలో పట్టుకుని ఇలాంటి సంగతి ఒకటి చెప్పి, ఆపైన ముల్లు దింపితే, విన్నవారికి ఆ పాట పొరుగింటి మాటలా తోస్తుంది. కొన్ని పాటలకు ప్లేటు మీది నిడివి సినిమాలో ఉన్నంత ఉండదు, లక్క ప్లేటుకైతే వైపుకు మూడు నిమిషాల కొలత దాటకూడదు గనుక ఒక చరణమో, నడుమ వాద్యమో తగ్గించి ఉంటుంది. ఆ సంగతి కూడా ముందే చెబుతాను. లేకపోతే పాట కోశారని శ్రోతలు నొచ్చుకుంటారు.

ప్రసారంలో ప్లేటును సిద్ధం చేసుకోవడం గురించి ఇప్పుడు చెబుతాను. ఈపీలో రెండో పాట కావాలంటే, రెండు పాటల నడుమ వెలుగులో సన్నగా మెరిసే ఖాళీ చుట్టు మీద ముల్లు దించాలి. యంత్రానికి ముల్లు దిగే చోటును చూపే చిన్న తెల్లని దీపం ఉంది, స్టూడియోలో వెలుతురు తక్కువ పెట్టుకునే నాలాంటివారికి అది చాలా మేలు చేసింది. చేయిని ఎత్తి దించే మీట నూనెలో మునిగినట్లు నెమ్మదిగా కదులుతుంది గనుక చేతులు వణికే వయసువారు కూడా భయపడనక్కరలేదు. హెడ్‌ఫోన్సులో మొదటి స్వరం వినబడగానే ప్లేటును వేళ్ళతో ఆపి, పావు చుట్టు వెనక్కి తెచ్చి పట్టుకుంటాను. కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, ఫెల్టు గుడ్డ జారుతుంది. నా మాట ముగిసిన క్షణాన వేళ్ళు వదిలి, మిక్సరు మీద ధ్వనిని పెంచే జారుడు మీటను (ఫేడరును) లేపుతాను. 45 వేగంలో ఒక చుట్టుకు సెకనుకు కొద్దిగా పైన పడుతుంది గనుక పావు చుట్టు అంటే సెకనులో మూడో వంతు. మాటకూ పాటకూ నడుమ అంతకంటె ఖాళీ రాదు. మోటారు నేరుగా పళ్ళేన్ని తిప్పే రకం కావడం వల్లనే ఇది సాధ్యమైంది, బెల్టుతో తిరిగే వాటి మీద ఇలా పట్టి ఉంచడం మంచిది కాదు. అయితే ఒకే చోట మళ్ళీ మళ్ళీ వెనక్కి ముందుకు తిప్పితే ఆ చోట గాడి అరిగి, పాట మొదట్లో బుసబుసమనే చప్పుడు శాశ్వతంగా నిలిచిపోతుంది. అందుచేత ప్లేటుకు ఒక్కసారే, అదీ మెల్లగా తిప్పుతాను. లక్క ప్లేట్లను అసలు ఇలా పట్టుకోను. వాటిని అంచునుంచి మొదలుపెట్టి, తొలి గరగరను కూడా శ్రోతలకు వినిపిస్తాను.

లోపాలనదగినవి లేకపోలేదు. ఇది పూర్తిగా చేత్తో నడిపే యంత్రం, పాట అయిపోయాక చేయి దానంతట అది లేవదు. మూడు నిమిషాల పాటకు ఇది పెద్ద ఇబ్బంది కాదు గాని, పాట నడుస్తుండగా ఫోను ఎత్తి మాటల్లో పడితే చివరి చుట్టులో ముల్లు తిరుగుతూ టక్కు టక్కుమనే చప్పుడు ప్రసారమవుతుంది. నాకు రెండుసార్లు అయింది, రెండుసార్లూ తప్పు నాదే. కార్ట్రిడ్జి నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ లోపలే ఇచ్చారు, ఆ సౌకర్యం బాగున్నదే, మిక్సరుకు నేరుగా కలపవచ్చు. అయితే అది 1950ల నడుమనుంచి అందరూ పాటిస్తున్న, అమెరికా రికార్డు కంపెనీల సంఘం పేరుమీద ఉన్న ఆర్ఐఏఏ కొలత ప్రకారం స్వరాన్ని సరిచేస్తుంది. అంతకు ముందు తీసిన లక్క ప్లేట్లకు ఆ కొలత సరిపోదు, గొంతు కాస్త మసకబారినట్లు వినిపిస్తుంది. నేను మిక్సరు మీద పైస్వరాల మీటను కొంచెం పెంచి సరిపెట్టుకుంటున్నాను. ఫెల్టు గుడ్డ మన ఎండాకాలపు పొడిగాలిలో విద్యుత్తు పట్టి ప్లేటుకు అంటుకుని లేస్తుంది, దుమ్మును కూడా లాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ప్లేటుకూ ముందు కార్బన్ కుంచెతో ఒకసారి తుడవడం తప్పదు. ఆ నెలల్లోనే ఇంకొక జాగ్రత్త కూడా కావాలి. ప్లేట్లను కారులోనో ఆటోలోనో ఎండలో పది నిమిషాలు కూడా వదలకూడదు. నేను ఒక మంచి ఈపీని అలా వంకర చేసుకున్నాను. ముల్లు దాని మీద పడవలా లేచి పడుతుంది, బాగు చేసే దారి ఇంతవరకు దొరకలేదు.

ఒకే టర్న్‌టేబుల్‌తో కార్యక్రమం నడపవచ్చునా అని చాలామంది అడుగుతారు. నడపవచ్చు, నేను నడుపుతున్నాను. కాని పాట వెంట పాట వేయడం కుదరదు. ప్లేటు తీసి, కవరులో పెట్టి, మరొకటి తుడిచి, ముల్లు దింపి సిద్ధం చేసేసరికి నలభై సెకన్లనుంచి నిమిషం దాకా పడుతుంది, ఆ సమయమంతా మాట్లాడవలసిందే. మొదట్లో నాకు అది భారంగా ఉండేది. రేడియో సిలోనులో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు ప్రకటనలు విని పెరిగినవాళ్ళం మేము. పాటకు ముందు చెప్పే రెండు మాటలు పాటకు దారి వేయాలని ఆమె గొంతు విని తెలుసుకున్నాం. ఇప్పుడు ఆ నిమిషం కోసం వారమంతా చదువుతున్నాను. గంటలో పన్నెండు పాటలకంటె ఎక్కువ పట్టవు, అవి చాలునని శ్రోతలే అంటున్నారు. వీలున్న కేంద్రాలు మాత్రం ఇటువంటివే రెండు కొనుక్కోవడం మేలు.

యూఎస్‌బీ సౌకర్యాన్ని మొదట నేను పట్టించుకోలేదు. వరద ప్లేట్లలో కొన్నింటికి అంచులు పగిలి ఉన్నాయి, ఇంకా ఎన్నిసార్లు పాడతాయో చెప్పలేం. అటువంటివాటిని కంప్యూటరుకు తీగ కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరులో 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ కొలతలో ఎక్కించి భద్రం చేస్తున్నాను. ప్రసారానికి వాటిని వాడను. ఆ కాపీ ఒకటి మైకు సెట్టు పెద్దాయనకు పెన్‌డ్రైవులో ఇచ్చాను.

ఇదే కంపెనీవారి ఎల్‌పీ60ఎక్స్ దీనికంటె చాలా చవక, చేయి దానంతట అదే లేచి వెళ్ళి కూర్చుంటుంది. ఇంట్లో ఎల్‌పీలు వినేవారికి అది చాలు. కాని దానికి 78 వేగం లేదు, బరువు సరిచేసుకునే వీలు లేదు, కార్ట్రిడ్జి మార్చుకునే వీలూ లేదు, కాబట్టి మన పనికి రాదు. మరోవైపు, 1972నుంచి ప్రపంచమంతా రేడియోలవారూ డీజేలూ నమ్ముకున్న టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఉంది. దాని మోటారు బలమూ, చేయి కుదురూ వేరే స్థాయివి, ధర కూడా అందుకు తగినట్లే ఇంతకంటె చాలా ఎక్కువ. వంద వాట్లకు మించని శక్తితో ఊరిలోనే వినిపించే సామాజిక రేడియోకు అంత పెట్టుబడి అక్కరలేదని నా అభిప్రాయం. ఆ డబ్బు మంచి మైకుకూ, ప్లేట్లు కడగడానికీ, రెండో ముల్లుకూ పెడితే శ్రోతకు ఎక్కువ తేడా తెలుస్తుంది.

యంత్రం కొనేవారు హక్కుల సంగతి కూడా కేంద్రం నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవాలి. మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు అది వెలువడిన ఏడాది గడిచాక 60 ఏళ్ళు ఉంటుంది. రచన మీద, బాణీ మీద హక్కు కర్త మరణించిన ఏడాది తరువాత మరో 60 ఏళ్ళు. అంటే 1957లో వచ్చిన ప్లేటు ముద్రణ హక్కు తీరిపోయినా, 1974లో పోయిన ఘంటసాల గారి బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. ప్లేటు మన సొంతం కాబట్టి పాటా మన సొంతమే అనుకుంటే పొరపాటు.

ముల్లు ఎన్ని గంటలు నడిచిందో రాసుకోవడానికి టర్న్‌టేబుల్ పక్కనే ఒక చిన్న పుస్తకం పెట్టాను. ఆకుపచ్చ ముల్లును సుమారు 300 గంటలకు మార్చుకోవాలంటారు. ప్రసారం, ముందుగా వినడం, కంప్యూటరుకు ఎక్కించడం అన్నీ కలిపి నాది ఇప్పటికి 140 దాటింది. అరిగిన ముల్లు ప్లేటును కోస్తుంది గనుక నేను 250 దగ్గరే మార్చాలనుకుంటున్నాను. కర్నూలులో ఇది అడిగిన రోజే దొరికే వస్తువు కాదు, బయటినుంచి తెప్పించాలి. అందుకని ఒకటి ముందే తెప్పించి, బీరువాలో 78 ప్లేట్ల పక్కన పెట్టుకున్నాను.